జప్తు పేరుతో జడిపింపు

కిస్తీ రెండు నెలలు తప్పితే చాలు, ఫోన్ మోగడం మొదలవుతుంది. బాకీ వసూలు చేసే రికవరీ ఏజెంట్లు మొదట ‘సార్’ అంటారు, వారం తిరిగేసరికి ‘నువ్వు’లోకి దిగుతారు. ఆ తర్వాత ఆఫీసు నంబరుకే చేస్తారు. ‘రేపు మీ హెచ్‌ఆర్‌కు లెటర్ వెళ్తుంది, జీతం మొత్తం జప్తు’ అనగానే ఎంతటివారైనా డీలా పడతారు. వాట్సాప్‌లో వచ్చే నోటీసు మీద ఎర్ర సీలు, త్రాసు బొమ్మ అన్నీ ఉంటాయి. చాలాసార్లు కేసు నంబరు మాత్రం ఉండదు.

వ్యక్తిగత రుణానికో, క్రెడిట్ కార్డు బాకీకో జీతం పట్టాలంటే అప్పిచ్చినవారు దావా వేయాలి. మనకు సమన్లు రావాలి, కోర్టు మన మాట వినాలి, డిక్రీ (బాకీ కట్టాలన్న తీర్పు) ఇవ్వాలి, దాని అమలుకు మళ్లీ పిటిషన్ పడాలి. అప్పుడు కోర్టు, బాకీ పెద్దదైతే రుణ వసూళ్ల ట్రైబ్యునల్, జీతాలిచ్చే అధికారికి ఉత్తర్వు పంపుతుంది. రికవరీ ఏజెంటు ఫోన్ చేశాడని జీతం కోసే హక్కు ఏ యజమానికీ లేదు.

కోర్టు పట్టినా అంతా పోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు బాకీలకు మొదటి 1,000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 30,000 జీతమైతే నెలకు 9,666కు మించి తీసుకోలేరు. అదీ ఒక డిక్రీ కింద మొత్తం 24 నెలలే. కూలీల వేతనం, ఇళ్లలో పనిచేసేవారి జీతం జోలికైతే అసలే రాకూడదు. ఆ వెయ్యి మాత్రం 2002లో 400 నుంచి పెంచిన అంకె. నేటి ఇంటి ఖర్చు ముందు దాన్ని రక్షణ అనడానికి నోరు రాదు. పార్లమెంటు దాన్ని సవరించాలి.

ఇక్కడొక మెలిక ఉంది. అప్పు, జీతం ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే ఖాతాలోంచి సర్దుబాటు చేసుకునే వీలుంది. ఆటో డెబిట్ బౌన్సయితే క్రిమినల్ కేసు కూడా పెట్టవచ్చు. దీన్ని దాచి ధైర్యం చెప్పడం పాఠకులకు ద్రోహమే.

ఉదయం 8 గంటల లోపు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయవద్దని, బంధుమిత్రుల ముందు పరువు తీయవద్దని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులోనే చెప్పింది. వసూళ్లకు పెట్టుకున్న ఏజెన్సీ ఏం చేసినా బాధ్యత బ్యాంకుదేనని కూడా చెప్పింది. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులు చూసినా పరిష్కారం దొరక్కపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. అందుకు రుసుము లేదు. అయితే ఎన్ని కాల్స్ వచ్చాయో, ఏమన్నారో రుజువులు చేతిలో ఉండాలి.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఇంకొకటి. దొంగ నోటీసులు చూసి చూసి విసిగినవాళ్లు నిజంగా కోర్టు సమన్లు వచ్చినా పక్కన పడేస్తున్నారు. ‘నాన్నా పులి’ కథలో అబద్ధమాడిన పిల్లవాడే నష్టపోయాడు, ఇక్కడ నష్టం విన్నవాడికి. హాజరు కాకపోతే డిక్రీ ఏకపక్షంగా వచ్చేస్తుంది, ఆ తర్వాత జీతం జప్తు ఉత్తుత్తి బెదిరింపుగా మిగలదు. కోర్టు నోటీసులోని కేసు నంబరు అసలుదో కాదో కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. చూడటం అప్పు ఉన్నవారి పని. కేసే లేకుండా కోర్టు పేరు వాడుకున్నప్పుడు జరిమానా వేయడం రిజర్వు బ్యాంకు పని, అదీ ఏజెన్సీకి కాదు, దాన్ని పెట్టుకున్న బ్యాంకుకు.