పత్తికట్టె నూనె గారికి

మహారాజశ్రీ పత్తికట్టె నూనె గారి సముఖమునకు,

వరంగల్‌లో తమరి సేవకే అంకితమైన రీసెర్చ్ స్కాలర్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం కాదు. తమరి క్షేమం నిన్న మధ్యాహ్నం ప్రెషర్ కుక్కర్ లాంటి ఆటోక్లేవ్ మూత తీసి కళ్లారా చూశాను.

పత్తికట్టెను గాలి తగలకుండా వేడి చేసి, వచ్చిన ఆవిరిని చల్లారిస్తే పుట్టినవారు తమరు. పొద్దున పోసినప్పుడు నూనెలాగే ఉన్నారు. చింతపండు పులుసంత పులుపు, చేతికంటితే రెండు రోజులు వదలని పొగ కంపు, సరే, అలవాటైంది. డీజిల్‌లాంటి ఇంధనం కమ్మని నేనడిగింది ఒక్కటే: ఆ ఆక్సిజన్ వదలండి. తమరి బరువులో 35 నుంచి 40 శాతం అదే. అందుకే డీజిల్‌కున్న వేడిలో సగమైనా లేదు తమరికి. హైడ్రోజన్ ఇస్తాను, నీళ్లు చేసి పంపించేయండి అన్నాను.

ఒక్కసారే వేడి చేస్తే అలుగుతారని మొన్న రుథేనియం కెటలిస్టు, అంటే చర్యను తొందరపెట్టే లోహం, వేసి 200 డిగ్రీల దగ్గర బుజ్జగించాను. బుద్ధిగా ఉన్నారు. నిన్న నికెల్-మాలిబ్డినం కెటలిస్టు వేసి, ప్రతి నట్టుకూ సబ్బునీళ్లు పూసి బుడగల కోసం కళ్లు చికిలించి చూసి, 350కి ఎక్కించాను. అంతే, మీలో మీరే చేతులు కలుపుకుని బొగ్గైపోయారు. కెటలిస్టుకు లోపలే సమాధి. రెండింటి నుంచి ఆరింటి దాకా స్క్రూడ్రైవర్‌తో గీకాను. మాడిన బెల్లంపాకంలో గరిటెలా స్టిర్రర్ బిగుసుకుపోయింది.

ఏం రోగం నీకు? వేరుశనగ నూనెకు నికెల్, హైడ్రోజన్ చూపిస్తే మారుమాట లేకుండా వనస్పతి అవుతుంది. లోహప్పొడి సాయంతో హైడ్రోజన్ ఎక్కించే పద్ధతికే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త సబాటియేకు 1912లో నోబెల్ ఇచ్చారు. ఆయనకు నువ్వు తగల్లేదు, అదృష్టవంతుడు. నువ్వు సీసాలో ఊరికే కూర్చున్నా నెలనెలా చిక్కబడతావు! హైడ్రోజన్ సిలిండర్ సంగతి ఎత్తను. రమ్మన్న రోజు అదెప్పుడూ రాలేదు.

పత్తి ఏరాక చేన్లో కట్టె కాలబెట్టే మా బాపు అడిగాడు: "పొయ్యిల పెడితే మంచిగనే మండుతది గద బిడ్డా, గింత తిప్పలెందుకు?" జవాబు చెప్పలేక ఫోన్‌లో సిగ్నల్ లేదన్నాను.

కానీ గీకకముందు పైన తేరిన నీళ్లు వంచితే, వాటి మీద చెంచాడు నూనె తేలింది. లేత పసుపు. పొగ కంపు లేదు, కిరోసిన్ వాసన. చిన్న సీసాలో పోసి, తేదీ రాసి, బాపుకు ఫోటో పంపాను.

"గిదేనా?" అన్నాడు.

గిదే. సోమవారం మళ్లీ పోస్తాను.