అడ్డంగా వేసిన బోరు

బెంగళూరులో బోరు వేయించాలంటే అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. ఆరున్నర అంగుళాల కన్నమాయె, ఊరికే వదిలేస్తారా! అదే కన్నం ఆరున్నర మీటర్ల వెడల్పున, కిలోమీటర్ల పొడవున అడ్డంగా వేస్తే దాన్ని బోరు అనరు. మెట్రో సొరంగం అంటారు, జెండా ఊపుతారు.

ఈ కిటుకు కనిపెట్టింది మా పక్క ఫ్లాటు పెద్దాయన. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల జాడ చెప్పే అనంతపురం వైపు మనిషి. స్టేషన్ గుంత దగ్గర నిలబడి, లావుపాటి పైపులోంచి మోరీలోకి పోతున్న తేట నీళ్లను చూసి, "ఏమప్పా, మనం వెయ్యి అడుగులు దించినా రాని నీళ్లు వీళ్లకి ఇంత పైనే ఎట్లొస్తాండాయి?" అన్నాడు.

విచారిస్తే తప్పంతా ఊరి కింది రాయిదని తేలింది. దాదాపు 300 కోట్ల ఏళ్ల వయసు. లాల్‌బాగ్ గుట్టగా పైకి కనిపించేది ఈ రాయే. ఇంత వయసొచ్చినా ఓర్పు లేదు. పక్క రాయిని తీసేస్తే ఆ బరువు తన మీద పడిందని నెర్రెలిస్తుంది. మందుగుండు పెడితే మరీను, గోడ లోపలికి మీటరు దాకా కూడా చిట్లుతుంది. సొరంగం తొలిచే కోత యంత్రం కాస్త మర్యాదస్తురాలు, పైపొరతో సరిపెడుతుంది.

నీళ్లు కూడా తక్కువేం తినలేదు. ఈ రాతిలో అవి ఉండేదే పైన మెత్తబడ్డ పొరలోనూ, కింద పగుళ్లలోనూ. పగులు రెండింతలు వెడల్పైతే, న్యాయంగా నీరూ రెండింతలే పోవాలి కదా? ఎనిమిదింతలు పోతుంది! సిమెంటు పాలు ఎక్కించి పూడుద్దామంటే, మరీ సన్నటి సందుల్లో సిమెంటు రేణువు పట్టదు, నీరు మాత్రం పడుతుంది. చివరికి సొరంగం గోడగా పేర్చే కాంక్రీటు ముక్కల మధ్య రబ్బరు పట్టీలు పెట్టి బిగిస్తే సొరంగం బానే ఆరుతుంది. ఆ లోపు కారింది, గుంతలోంచి నెలల తరబడి తోడింది ఎవరి ఖాతాలో రాయాలో ఏ ఫారంలోనూ గడి లేదు.

ఈమధ్య మా బోరు నీళ్లకు బదులు గాలి కక్కుతోంది. అడగబోతే సైటు ఇంజనీరు, "మీ బోరు లోతు చాలదు సార్" అన్నాడు. దాంతో అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో పెద్దాయన తీర్మానం పెట్టాడు, ఈసారి మన బోరూ అడ్డంగానే వేయిద్దామని. సెక్రటరీ మినిట్స్ బుక్కులోకి ఎక్కిస్తుండగా కింద ట్యాంకర్ హారన్ కొట్టింది. కోరం లేక మీటింగ్ వాయిదా పడింది.