ఎంబీఏ క్లాసులో చాట్‌జీపీటీ: ఇద్దరు లెక్చరర్ల వాదోపవాదం

(స్టాఫ్ రూమ్. రమణ సార్ ఫైనాన్స్ చెబుతారు, సుజాత మేడం ఆపరేషన్స్, అంటే ఉత్పత్తి, సేవల నిర్వహణ.)

రమణ: కేస్ స్టడీకి చాట్‌జీపీటీ వాడుకోమని పిల్లలకు చెప్పారట మేడం! ఇక మనమెందుకు, బోర్డు తుడవడానికా?

సుజాత: చాటుగా వాడేదేదో నా ఎదురుగా వాడమన్నాను సార్. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో క్రిస్టియన్ టెర్విష్ అనే ప్రొఫెసర్ తన ఎంబీఏ ఆపరేషన్స్ ఫైనల్ పేపర్ దానికే ఇచ్చి చూశారు. 2023 జనవరిలో ఆ ఫలితం బయటపెట్టారు. బి, బి మైనస్ మధ్య గ్రేడు వస్తుందన్నారు.

రమణ: ఆరో తరగతి స్థాయి లెక్కలు కూడా తప్పు చేసిందనీ ఆయనే రాశారు.

సుజాత: హింటు ఇస్తే దిద్దుకుందనీ రాశారు.

రమణ: హింటు ఇచ్చింది ప్రొఫెసర్! జవాబు ఆయనకు ముందే తెలుసు. మన ఫస్టియర్ కుర్రాడికి ఏం తెలుసు? కంపెనీలకు సలహాలిచ్చే బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో 758 మంది కన్సల్టెంట్ల మీద ఒక ప్రయోగం చేశారు, 2023లోనే. ఎక్సెల్ అంకెలూ ఇంటర్వ్యూ నోట్సూ ఇచ్చి, కంపెనీ ఏ బ్రాండు మీద దృష్టి పెట్టాలో తేల్చమన్నారు. నోట్సు శ్రద్ధగా చదవకపోతే అంకెలు దారి తప్పిస్తాయి. సొంతంగా చేసినవాళ్లలో దాదాపు 84 శాతం మంది సరిగ్గా చెప్పారు. చాట్‌జీపీటీ వెనకుండే జీపీటీ-4 మోడల్ వాడినవాళ్లలో అది 19 శాతం పాయింట్లు తగ్గింది. చేయి తిరిగిన కన్సల్టెంట్ల సంగతే ఇది!

సుజాత: కొత్త ప్రొడక్టుకు ఐడియాలు ఇవ్వడం లాంటి పనుల్లో నాణ్యత 40 శాతం పెరిగింది కూడా ఆ ప్రయోగంలోనే. అది వదిలేస్తారేం?

రమణ: లాభం, నష్టం రెండూ లేని అమ్మకం ఎంతో చెప్పే బ్రేక్ ఈవెన్ లెక్క చేత్తో వేయడం రానివాడు దాని తప్పు ఎలా పట్టుకుంటాడు? ఫస్టియర్‌లో వద్దే వద్దు.

సుజాత: వద్దంటే ఆగుతారా? ఇదేదీ రాకముందే అమీర్‌పేటలో ప్రాజెక్టు రిపోర్టు కొని, పేరు మార్చి, బైండింగ్ చేయించి తెచ్చినవాళ్లు లేరా? వాటి మీద సంతకాలు పడలేదా?

రమణ: (చుట్టూ చూసి) మెల్లగా మేడం.

సుజాత: అందుకే రిపోర్టుకు మార్కులు తగ్గించి వైవాకు పెంచుదాం. ఏఐ జవాబు ముందు పెట్టి, ఇందులో ఏది నమ్మవు, ఎందుకు నమ్మవు అని అడుగుదాం.

రమణ: సెక్షన్‌కు అరవై మంది. తలా పది నిమిషాలంటే పది గంటలు. ఇంటర్నల్స్ వారంలో ఎక్కడ తెస్తారు?

సుజాత: ముగ్గురేసి పిలుద్దాం. గ్రూపుకు పావుగంట, మొత్తం ఐదు గంటలు.

రమణ: ఒకడు మాట్లాడతాడు, ఇద్దరు తలూపుతారు.

సుజాత: ప్రశ్న ఎవరికి వేయాలో మన చేతిలోనే ఉంది కదా సార్.

రమణ: సరే, ముందు మీ ఆపరేషన్స్‌లో చేసి చూడండి. నా ఫైనాన్స్ జోలికి మాత్రం రాకండి.