అనుమతి పత్రం గారికి, మీ సంతకందారు రాయునది

అయ్యా,

మొన్న నేను పైలట్‌గా చేరబోతున్న కొత్త కంపెనీ హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. ఫ్లైయింగ్ గంటల లెక్క అడుగుతారేమోనని లాగ్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఎంతో మర్యాదగా, "మీ మిసెస్‌కి ఇప్పుడెలా ఉందండీ?" అంది.

బాగానే ఉందండీ అన్నాను. ఫోన్ పెట్టేశాక వెలిగింది. మా ఆవిడ ఆపరేషన్ సంగతి ఆరేళ్ళ కిందట, పాత కంపెనీలో పెట్టిన సెలవు లెటర్‌లో తప్ప నేనెక్కడా రాయలేదు. అంటే, నా పాత రికార్డులు కొత్త కంపెనీకి ఇవ్వొచ్చని నేను సంతకం పెట్టి పంపిన మీరే వెళ్ళి పట్టుకొచ్చారన్నమాట. ఎంత శ్రమ తీసుకున్నారండీ!

మిమ్మల్ని పంపింది శిక్షణ రికార్డుల కోసం. ఏ చెక్‌రైడ్ (విమానం నడిపే పరీక్ష) తప్పాను, ఏ చర్య తీసుకున్నారు, ఎందుకు మానేశాను, ఇవన్నీ చూడాల్సిందే. 2009లో అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ అనే కంపెనీ విమానం ఓ ఇంటి మీద కూలి 50 మంది పోయారు. తాను తప్పిన చెక్‌రైడ్లన్నీ ఆ కెప్టెన్ కంపెనీకి చెప్పలేదు. ఆ చిట్టా ప్రభుత్వం దగ్గరుంది. పైలట్ విడిగా సంతకం పెడితే ఇచ్చేవారే, కంపెనీ ఆ సంతకం అడగలేదు. పదేళ్ళ తర్వాత టెక్సస్‌లో అట్లాస్ ఎయిర్ సరుకు విమానం కూలి ముగ్గురు పోయారు. దాని కో-పైలట్ కూడా పాత ఉద్యోగాల్లో ట్రైనింగ్ తప్పిన సంగతి దాచినవాడే. దాచినవాళ్ళ గుమ్మం దగ్గర మీరు చెప్పులు కూడా విప్పలేదు. ఏమీ దాచని నా ఇంట్లో మాత్రం బీరువా అరలు సర్దేశారు.

పోనీ, మీ భాష. "ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా" నేను ఒప్పుకుంటున్నానట. ఒప్పుకోను అనడానికి గడి ఎక్కడుందో రెండు వైపులా తిప్పి చూశాను. లేదు. సంతకం లేకపోతే ఉద్యోగమూ లేదు, అదీ నా ఇష్టం! తర్వాత "సంబంధిత సమస్త సమాచారం". ఆ 'సంబంధిత' ఎవరికీ కనపడదు, 'సమస్త' మాత్రం అందరికీ కనపడుతుంది. మా ఆవిడ కడుపు మీద ఎన్ని కుట్లు పడ్డాయో తెలిస్తే, టేకాఫ్‌లో ఎడమ ఇంజన్ ఆగినప్పుడు నేనేం చేస్తానో తెలుస్తుందా? సిగ్గులేదూ మీకు?

క్షమించండి, గొంతు పెరిగింది.

మీలో ఇంకా ఫ్యాక్స్ నంబరు అడుగుతున్నారు, అది వదిలేస్తున్నా. నా ఫైలు మెయిల్‌లో పదకొండు మందికి కాపీ వెళ్ళింది. నాకు తప్ప. అమెరికావాళ్ళు 2021లో నియమాలు ఖరారు చేసిన పైలట్ల రికార్డుల డేటాబేస్‌లో పైలట్ తన రికార్డు తాను చూసుకోవచ్చు, తప్పుంటే అభ్యంతరం చెప్పొచ్చు. నా ఫైల్లో ఏముందో నాకు తెలియాలంటే ఆ హెచ్‌ఆర్ ఆవిడ ఇంకో నాలుగు పరామర్శలు చేయాలి.

నిన్న మీరు మళ్ళీ వచ్చారు, ఇంకో పాత కంపెనీ కోసం. ఈసారి సంతకం పక్కనే 'శిక్షణ రికార్డులు మాత్రమే' అని చేత్తో రాసి పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది. పక్కన ఏదో గీత పడిందట, ఏ రాతా లేని కాపీ ఇంకోటి పంపమన్నారు.

ఇట్లు,
సమస్త సంతకందారు