పట్టపగలే చుక్కలు

ఆకలి రుచెరుగదన్నది ఫోన్లు రాని రోజుల మాట. ఇప్పటి ఆకలికి రుచి సంగతి అటుంచి, దశాంశాలతో సహా చుక్కల లెక్క కూడా తెలుసు. కొత్త ఊళ్లో దిగినవాడు ఎదురుగా ఘుమఘుమలాడుతున్న పొయ్యిని నమ్మడు. తలొంచుకుని దానికి నాలుగున్నర చుక్కలున్నాయా అని వెతుకుతాడు. పాపం, ముక్కుకు ఇంతవరకూ ఎవరూ రేటింగ్ ఇవ్వలేదు మరి.

ఈ చుక్కలది సామాన్యమైన వంశం కాదు. 1900లో ఫ్రాన్స్‌లో మిషెలిన్ అనే టైర్ల కంపెనీ కార్లవాళ్లకు ఒక గైడు పుస్తకాన్ని ఉచితంగా పంచిపెట్టింది. జనం ఎంత తిరిగితే టైర్లు అంత అరుగుతాయి. 1926లో అందులో హోటళ్లకు చుక్కలు మొదలయ్యాయి, 1931లో మూడింటి దాకా పెరిగాయి. మూడు చుక్కలంటే పని గట్టుకుని ప్రయాణం చేసైనా తినదగ్గ చోటని అర్థం. టైరు అరగడానికి ఇంతకన్నా కమ్మని కారణం ఎవరు చెప్పగలరు?

తర్వాత్తర్వాత చుక్కలు వేసే అధికారం ప్రజలకే దఖలుపడింది. 2017లో లండన్‌లో ఒకాయన పెరట్లోని షెడ్డును హోటలంటూ ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల వెబ్‌సైట్‌లో ఎక్కించి, తెలిసినవాళ్లచేత పొగిడించి, ఆ మహానగరంలోనే మొదటి స్థానానికి తెచ్చాడు. అప్పటికి అక్కడ ఒక్కరికీ ప్లేటు పెట్టింది లేదు. ఫొటోల్లో వంటకాల మీది నురగ షేవింగ్ క్రీముది.

అందుచేత శాస్త్రోక్తంగా హోటల్ వెతకదలచినవారు 12 మంది కలిసి 4.9 ఇచ్చినదాన్నే పట్టుకోవాలి. 3,000 మంది 4.3 ఇచ్చినదాని జోలికి పోరాదు. పన్నెండుమందీ యజమాని బంధువులే అయ్యే భాగ్యం అక్కడ ఉండదు. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకోకండి, మంచి వంటమనిషి మూణ్ణెల్ల కిందటే మానేశాడని తెలిసిపోతుంది. ఒక్క చుక్క వేసినవాడు బండి పెట్టుకోను చోటు లేదని ఏడ్చాడా, కడుపు చెడిందని ఏడ్చాడా అని తరచి చూడటమూ అనవసరం.

వేళ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. రద్దీ పూర్తిగా తగ్గాకే, నింపాదిగా వెళ్లండి. కిటకిటలాడే వేళలో గిన్నె ఖాళీ కావడం, మళ్లీ వండటం జరుగుతూనే ఉంటుంది కాబట్టి వేడివేడిగా దొరికే ప్రమాదముంది. వండినదాన్ని 60 డిగ్రీల పైన వేడిగానో, 5 డిగ్రీల లోపు చల్లగానో ఉంచాలి. ఆ మధ్యలో వదిలేస్తే సూక్ష్మజీవులకు పండగే. మామూలుగా బయట పెట్టినది 2 గంటలు దాటితే తినకూడదంటారు. మీరు వెళ్లేసరికి అవి ముందు పంక్తిలో భోంచేసి లేచి ఉంటాయి. మళ్లీ వేడిచేయించినా వాటిలో కొన్ని వదిలిన విషం పోదు. అప్పుడు కనిపిస్తాయి, పట్టపగలే, అసలైన చుక్కలు.

మెనూ కార్డు ఎంత లావుంటే అంత గౌరవించండి. అందులో ఏ బల్ల మీదా కనిపించనిదే ఆర్డరివ్వండి. వారానికొకరు అడిగే దానికోసం సరుకు ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో! పక్క బల్లలన్నిటి మీదా ఉన్నదాన్ని అడగడం పిరికితనం.

స్థానికులను అడగక తప్పదంటే, ‘ఇక్కడ మంచి హోటల్ ఏది?’ అనే అడగండి. చుట్టాలొస్తే తీసుకెళ్లే ఆడంబరమైన చోటు చెబుతారు. పొరపాటున ‘నిన్న మీరెక్కడ తిన్నారు?’ అన్నారో, నిజం చెప్పేస్తారు.

చివరిగా, పదింటిదాకా తెరిచి ఉంటుందని మ్యాపు చెబితే తొమ్మిదీ నలభై వరకు పోల్చి చూస్తూ కూర్చోండి. మూసే వేళకు చాలాముందే వంటింట్లో పొయ్యి ఆర్పేస్తారు. గుమ్మందాకా వెళ్లి వెనక్కొచ్చాక, లోపల అడుగే పెట్టని ఆ హోటల్‌కు ఒక్క చుక్క వేసెయ్యండి. మీ అభిప్రాయం కోసం మరో ప్రయాణికుడు ఆకలితో ఎదురుచూస్తున్నాడు.