ట్రైసైకిల్ ఇచ్చారు సరే, ఎత్తి కూర్చోబెట్టేదెవరు?

మా పిన్ని ఇంటి వసారాలో ఒక మూడుచక్రాల బండి ఉంది. చేతులతో తిప్పుకుంటూ పోయే రకం. ఏదో క్యాంపులో ఇచ్చారు. మా తమ్ముడికి సెరిబ్రల్ పాల్సీ (సీపీ). కాళ్లతోపాటు చేతులూ బిగుసుకుపోయి ఉంటాయి. గ్లాసు పట్టుకోవడానికే వాడికి చెమటలు పడతాయి, ఇక ఆ పెడల్ ఏం తిప్పుతాడు? ఇచ్చిన రోజు అందరూ కలిసి ఫొటో దిగారు. ఆ వేసవిలో దాని మీద మిరపకాయలు ఎండబెట్టారు. ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి.

వాడికి కావలసింది తల, నడుము నిలబెట్టే సీపీ చైర్. అలాంటి కుర్చీని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కోయే తయారు చేస్తుంది. అయితే ఏ బిడ్డకు ఏది నప్పుతుందో కూర్చోబెట్టి, కొలిచి చూసే మనిషి కావాలి. ఆ రోజు అలాంటి మనిషి లేడు. ‘కాళ్లు పనిచేయవు’ అని చెప్పగానే బండి రాసేశారు.

ఈ బండి మీద నాకు కోపమేమీ లేదు. సీపీ ఉన్నవాళ్లకు మన వ్యవస్థ చేసే సాయమంతా ఇదే తీరులో ఉండటమే బాధ. వస్తువు ఇస్తుంది, డబ్బు ఇస్తుంది. రోజూ వచ్చి చెయ్యి వేసే మనిషిని మాత్రం ఇవ్వదు.

ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల వచ్చేదే సీపీ. ‘పుట్టగానే ఏడవలేదండీ’ అని తల్లులు మొదలుపెట్టే కథ చాలాసార్లు ఇదే. నెలలు నిండకుండా పుట్టడం, పసికందుకు కామెర్లు ముదిరి మెదడు దెబ్బతినడం కూడా కారణాలే. మెదడుకు తగిలిన ఆ దెబ్బ పెరగదు. పెరిగేది ఒళ్లు. ఎముక సాగినంతగా కండరం సాగదు, దాంతో మడమ పైకి లేస్తుంది, మోకాలు వంగిపోతుంది, తుంటి కీలు పక్కకు జారుతుంది. అందుకే ఫిజియోథెరపీ అంటే కోర్సుగా వాడి ఆపేసే మందు కాదు, రోజూ పళ్లు తోముకోవడం లాంటిది. పిల్లాడు పొడవైనప్పుడల్లా కాలికి వేసే స్ప్లింటూ మార్చాల్సిందే. మాట ముద్దగా వస్తుంది కాబట్టి బుర్ర కూడా ఎదగలేదని జనం అనుకుంటారు. చాలామందిలో అది నిజం కాదు. మా తమ్ముడు క్రికెట్ స్కోర్లన్నీ నోటికి చెప్తాడు, వినే ఓపిక మనకుండాలి అంతే.

ఇలాంటివాళ్లు ఎందరున్నారు? 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 22.66 లక్షల మంది వికలాంగులు. అందులో సెరిబ్రల్ పాల్సీకి విడిగా గడి లేదు. చట్టంలోనూ ఇది శారీరక చలన వైకల్యంలో ఒక భాగం. లెక్కే లేనప్పుడు ఏ మండలానికి ఎందరు ఫిజియోలు కావాలో ఎవరు తేలుస్తారు?

తేలేది వైకల్యం పర్సంటేజీ ఒక్కటే. సర్టిఫికెట్ కోసం స్లాట్ బుక్ చేసుకుని, ఎదిగిన కొడుకును ఆటోలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు నాలుగు నిమిషాల్లో చూసి ఒక అంకె వేస్తాడు. నలభై దాటితే పథకాలకు అర్హత, ఎనభై దాటితే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు నీలం రంగు. తినిపించడానికి ఎంతసేపు పడుతుంది, రాత్రి ఎన్నిసార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టాలి అన్నది ఆ కాగితం మీద ఎక్కడా కనిపించదు.

డబ్బు విషయంలో మార్పు వచ్చింది, కాదనను. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను రూ.6,000. మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి రూ.15,000. తెలంగాణలో 2023లో రూ.4,016 చేశారు. పేదింట్లో పదిహేను వేలు చిన్న మాట కాదు. కానీ ఆ డబ్బుతో పల్లెలో కొనుక్కోవడానికి ఏ సేవ ఉంది? ఫిజియో టౌన్‌లో ఉంటాడు. రానుపోను ఆటోకే సగం పోతుంది.

పైగా ఆ పింఛను వికలాంగుడి పేరిట వస్తుంది, ఎత్తి దించే మనిషి లెక్కలోకే రాదు. ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనే చెప్పింది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పేరుతో సంరక్షకులకు నెలకు రూ.600 పెట్టింది. నవ్వొచ్చే మొత్తమే. అయినా ఇంట్లో తల్లి చేసేది పనేనని ఒక ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా ఇంకా మెరుగు. ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా కలిపి. చిక్కల్లా ముందు మనం కట్టి, బిల్లులు పెట్టి, తర్వాత రాబట్టుకోవాలి. ముందు కట్టే స్తోమత ఉంటే ఈ గొడవే లేదు.

అసలు గండం పద్దెనిమిదేళ్లకు. అప్పటిదాకా ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలానికో భవిత కేంద్రం, వారానికో రోజు ఫిజియో, బడికి రాలేని పిల్లల ఇంటికొచ్చే టీచరు, లోటుపాట్లతోనైనా ఏదో ఒకటి ఉంటుంది. చట్టం ఉచిత చదువు హామీ ఇచ్చింది పద్దెనిమిది దాకానే. పుట్టినరోజు దాటగానే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. బ్యాంకులో ఖాతా తెరవబోతే సంతకం పెట్టలేడు కాబట్టి గార్డియన్ కాగితం తెమ్మంటారు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఒకటుందని, అది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ను నియమిస్తుందని మా పిన్నికి తెలిసింది ఆ కౌంటర్ దగ్గరే.

సీపీ ఉన్నవాళ్లు పెద్దవాళ్లవుతారన్న ఊహే మనకు రాదేమో. కోల్‌కతాకు చెందిన, సీపీ ఉన్న హక్కుల కార్యకర్త జీజా ఘోష్‌ను 2012లో ప్రయాణానికి పనికిరాదంటూ విమానం నుంచి దించేశారు. ఆమె వెళ్తున్నది సదస్సుకు. 2016లో సుప్రీంకోర్టు రూ.10 లక్షల పరిహారం ఇప్పించింది.

కొత్త భవనాలేమీ అడగడం లేదు. భవిత కేంద్రాల్లో ప్యారలల్ బార్లు, చాపలు, స్టాండింగ్ ఫ్రేములు ఉన్నాయి. బడి వదిలాక, ఆదివారాలు వాటికి తాళమే. వారానికి రెండు పూటలు ఆ తాళం తీసి, ఇరవై దాటినవాళ్లకూ ఒక ఫిజియోను కూర్చోబెడితే చాలు. మా పిన్ని ఇంటి నుంచి కేంద్రం నాలుగు వీధుల అవతల. తమ్ముడికి ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు, యాభై కిలోల పైనే. పోయిన నెల పిన్ని నడుంనొప్పికి చూపించుకుంటే డాక్టరు బరువులెత్తొద్దన్నాడట. ‘సరేనండీ’ అని వచ్చేసి, సాయంత్రం వాణ్ని స్నానానికి ఎత్తింది.