కాంట్రాక్టు బావమరిదిదట
మా ఊళ్లో కాలవ గట్టు పక్కనున్న పాత కూరగాయల మార్కెట్ పడగొట్టి కాంప్లెక్స్ కడతామంటే, వానాకాలం బురదలో వంకాయలు ఏరుకునే బాధ తప్పుతుందిలే అని సంతోషించాం. తీరా చూస్తే ప్లానుకి చెయ్యెత్తిన కౌన్సిలర్ గారి బావమరిదికే కాంట్రాక్టు! 1965 నాటి మున్సిపాలిటీల చట్టం ప్రకారం మున్సిపాలిటీ కాంట్రాక్టులో సభ్యుడికి వాటా ఉంటే పదవికే ఎసరు, కానీ కాగితం మీద ఆయన పేరు లేదు కదండీ. రోడ్డు వెడల్పూ అంతే, మార్కింగ్ గీత మా అరుగు మీదుగా తిన్నగా వచ్చి ఆయన డాబా దగ్గర వంకర తిరిగింది. మాకేమో డబ్బుకి బదులు టీడీఆర్ బాండు, అంటే పోయిన స్థలానికి బదులుగా వేరేచోట అదనంగా కట్టుకోడానికో, అమ్ముకోడానికో ఇచ్చే హక్కు కాగితం, అది ఎవరు కొంటారో, ఎప్పుడు కొంటారో అదో టెన్షన్. మీటింగులో "ఇది మావాళ్ల పని, నేను బయట కూర్చుంటా" అని లేచినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, ఆత్రేయపురం పూతరేకులు నేను తెప్పిస్తా.